రష్యన్, స్లావిక్ అధ్యయనాలు: కోర్సు ఎంపిక నుంచి ఉద్యోగం దాకా సమగ్ర మార్గదర్శి

రష్యన్ నేర్చుకోవాలనుకునేవారు తరచుగా అడిగే మొదటి ప్రశ్న, ‘ఎక్కడ సీటు దొరుకుతుంది?’ అన్నది. నిజానికి అది మూడో ప్రశ్న. ఈ భాషతో ఏ పని చేయదలచుకున్నారు, ఆ పనికి ఏ స్థాయి భాష కావాలి అన్న రెండింటికీ జవాబు తేలకుండా సీటు వెతికితే, చివరకు పట్టా చేతికి వస్తుంది గాని, రష్యన్‌లో ఉన్న ఒక పేజీ ఒప్పందాన్ని తప్పుల్లేకుండా అనువదించగల సత్తా రాదు. అందుకే ఈ మెట్లను ఏ క్రమంలో ఎక్కితే శ్రమ వృథా కాదో ఆ క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా దారి తేల్చుకోండి

ఈ రంగంలో మూడు దారులున్నాయి. మొదటిది భాషాసాహిత్యాల దారి. బోధన, సాహిత్య పరిశోధన, వృత్తి అనువాదం దీని కిందికి వస్తాయి. రెండోది ప్రాంత అధ్యయనం. రష్యా, మధ్య ఆసియా, తూర్పు యూరప్ దేశాల రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, విదేశాంగ విధానం ఇందులో ప్రధానమైనవి, భాష వాటికి పనిముట్టు. మూడో దారిలో ఫార్మసీ, ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం, వాణిజ్యం వంటి చదువు ముందు ఉంటుంది, రష్యన్ దానికి తోడుగా వస్తుంది.

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో స్థిరపడాలనుకునే మధ్యతరగతి విద్యార్థికి మూడో దారే ఎక్కువ భద్రమని నా అభిప్రాయం. సాహిత్యం మీద నిజమైన మక్కువ, పీహెచ్‌డీ దాకా ఓపిక ఉన్నవారు మాత్రమే మొదటి దారిలో నిలవగలుగుతారు. ఎందుకంటే విశ్వవిద్యాలయాల్లో రష్యన్ అధ్యాపక పోస్టులు తక్కువ, వాటి ప్రకటనలు ఎప్పుడో గాని రావు.

స్లావిక్ అధ్యయనాలంటే రష్యన్ ఒక్కటే కాదన్నది కూడా ఇప్పుడే గుర్తుంచుకోవాలి. ఉక్రేనియన్, పోలిష్, చెక్, బల్గేరియన్, సెర్బియన్ వంటివి అదే కుటుంబానికి చెందినవి. పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేయదలచినవారు రష్యన్‌లో మధ్యమ స్థాయి దాటగానే వీటిలో రెండో భాష మొదలుపెట్టడం మంచిది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అక్కడి విభాగాల దృష్టి రష్యా మీద నుంచి చుట్టుపక్కల దేశాల వైపు బాగా మళ్లింది. అమెరికాలోని స్లావిక్, తూర్పు యూరప్, యూరేషియా అధ్యయనాల సంఘం 2023లో తన వార్షిక సమావేశానికి వలసవాద విముక్తినే ప్రధానాంశంగా పెట్టుకుంది.

2. మన దేశంలో ఎక్కడ చదవాలి

తెలుగువారికి దగ్గరగా ఉన్నది హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, అంటే ఇఫ్లూ. అక్కడ రష్యన్‌లో బీఏ, ఎంఏ, పీహెచ్‌డీ చేయవచ్చు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ రంగానికి సంబంధించి రెండు వేర్వేరు కేంద్రాలున్నాయి, దరఖాస్తుదారులు వాటిని తరచుగా ఒకటే అనుకుంటారు. భాషా పాఠశాల కింద ఉన్న రష్యన్ అధ్యయన కేంద్రం మొదటి దారి వారికోసం. అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల కింద ఉన్న రష్యా, మధ్య ఆసియా అధ్యయన కేంద్రం రెండో దారి వారికోసం.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని స్లావోనిక్, ఫినో-యుగ్రియన్ విభాగంలో రష్యన్‌తోపాటు పోలిష్, చెక్, బల్గేరియన్ కూడా బోధిస్తారు. రెండో స్లావిక్ భాషను మన దేశంలోనే నేర్చుకోగల అరుదైన చోట్లలో అది ఒకటి. పుణె, ముంబయి, బరోడా, వారణాసి, అలీగఢ్‌లలో కూడా రష్యన్ బోధన ఉంది.

బీఏలో చేరడానికి ముందుగా రష్యన్ తెలిసి ఉండనవసరం లేదు. జేఎన్‌యూలో (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో) బీఏ ప్రవేశాలు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. ఇతర చోట్ల ఏ పరీక్ష రాయాలన్నది ఆ ఏటి నోటిఫికేషన్ చూసి మాత్రమే నిర్ధారించుకోవాలి, నిరుటి విద్యార్థి మాట మీద ఆధారపడకూడదు.

మూడో దారి వారు ఉన్న డిగ్రీని వదిలిపెట్టనక్కర్లేదు. విశ్వవిద్యాలయాల పార్ట్‌టైమ్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు, లేదా రష్యా ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రమైన రష్యన్ హౌస్ తరగతులు వారికి సరిపోతాయి. రష్యన్ హౌస్‌లు న్యూఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, తిరువనంతపురాలలో ఉన్నాయి. తెలుగువారిలో చాలామందికి చెన్నైయే దగ్గర.

3. సంవత్సరాలతో కాదు, స్థాయితో కొలుచుకోండి

‘మూడేళ్లు రష్యన్ చదివాను’ అన్న మాటకు ఉద్యోగమిచ్చేవారి దగ్గర విలువ తక్కువ. విదేశీయులకోసం రష్యా నిర్వహించే టీఆర్‌కేఐ పరీక్షలో ఏ స్థాయి దాటారన్నదే లెక్క. ఇందులో ప్రాథమిక, ఆధార స్థాయిలు రెండు, ఆపైన నాలుగు, మొత్తం ఆరు స్థాయిలుంటాయి. యూరోపియన్ కొలమానం ప్రకారం వీటిని ఏ1 నుంచి సీ2 దాకా అనుకోవచ్చు.

ప్రాథమిక స్థాయికి సుమారు 780 మాటలు, ఆధార స్థాయికి 1300, మొదటి స్థాయికి 2300 కనీస పదసంపదగా నిర్ణయించారు. రష్యన్ మాధ్యమంలో డిగ్రీలో చేరడానికి మొదటి స్థాయి, అంటే బీ1, అవసరమవుతుంది. అనువాదం ద్వారా డబ్బు సంపాదించాలంటే రెండో స్థాయి, అంటే బీ2, తప్పనిసరి అని అనుకోండి. అంతకన్నా కింది స్థాయిలో పని ఒప్పుకుంటే పరువు పోతుంది.

ప్రతి స్థాయిలోనూ ఐదు విభాగాలుంటాయి: పదజాలం-వ్యాకరణం, పఠనం, శ్రవణం, లేఖనం, సంభాషణ. ఒక్కో విభాగంలో 66 శాతం రావాలి. ఏదో ఒక విభాగంలో మాత్రం 60 శాతం వచ్చినా అంగీకరిస్తారు. అంటే వ్యాకరణంలో 95 తెచ్చుకుని శ్రవణంలో 50 దగ్గర ఆగితే మొత్తం తప్పినట్టే. మన విద్యార్థులు ఎక్కువగా తప్పేది కూడా అక్కడే, ఎందుకంటే తరగతిలో చదవడం, రాయడం సాగినంతగా వినడం సాగదు.

స్థాయి పరీక్షకు ముందు సరిచూసుకోవలసినవి:
- చేతిరాత సిరిల్లిక్ (రష్యన్ లిపి) వేగంగా రాయగలరా, ఇతరులు రాసింది చదవగలరా (అచ్చు అక్షరాలకూ చేతిరాతకూ తేడా చాలా ఉంది)
- కంప్యూటర్‌లో రష్యన్ కీబోర్డు అమరికతో చూడకుండా టైప్ చేయగలరా
- ఐదు నిమిషాల రేడియో వార్త విని, సారాంశం నాలుగు వాక్యాల్లో రాయగలరా
- ఫోన్‌లో, ఎదుటి మనిషి ముఖం కనిపించకుండా, అపాయింట్‌మెంట్ కుదుర్చుకోగలరా

4. తెలుగు మాట్లాడేవారు ఎక్కడ తడబడతారు, ఎలా సరిదిద్దుకోవాలి

ఉచ్చారణతో మొదలుపెడదాం. తెలుగు మాటలు అచ్చుతో ముగియడం అలవాటు కాబట్టి, హల్లుతో ముగిసే రష్యన్ మాట చివర మనకు తెలియకుండానే ‘ఉ’కారం చేరుతుంది. ‘స్తోల్’ అన్న మాట ‘స్తోలు’ అవుతుంది. ఫోన్‌లో పలికి రికార్డు చేసి వింటే ఈ దోషం వెంటనే దొరుకుతుంది.

రెండో దోషం రాసినట్టే చదవడం. తెలుగు లిపి మనకు ఆ అలవాటు చేసింది. రష్యన్‌లో ఊనిక పడని, అంటే ఒత్తి పలకని, ‘ఒ’ దాదాపు ‘అ’గా మారుతుంది: పాలను ‘మొలొకొ’ అని రాసి ‘మలకో’ అని పలుకుతారు. మాట చివరి ‘ద్’ కూడా ‘త్’ అవుతుంది. ఊనిక ఎక్కడ పడుతుందన్నది అచ్చులో గుర్తించరు, ఒకే మాట వేర్వేరు రూపాల్లో అది చోటు మార్చుకుంటుంది కూడా. కాబట్టి కొత్త మాట నోటుపుస్తకంలో రాసుకున్న ప్రతిసారీ ఊనిక గుర్తు పెట్టి మాత్రమే రాసుకోవాలి. ఈ ఒక్క నియమం మొదటి నెల నుంచి పాటించినవారికి తరువాత ఏడాది శ్రమ తగ్గుతుంది.

విభక్తుల విషయంలో మనకు కొంత వెసులుబాటు ఉంది. నామవాచకం చివర మార్పు వచ్చి అర్థం మారడం ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి వింత, మనకు కాదు. అయితే తెలుగులో ‘కి’, ‘తో’, ‘లో’ ఏ మాటకయినా దాదాపు అదే రూపంలో చేరతాయి. రష్యన్‌లోని ఆరు విభక్తులు లింగాన్నీ వచనాన్నీ బట్టి వేర్వేరు రూపాలు తీసుకుంటాయి, విశేషణం కూడా వాటితోపాటు మారుతుంది. పట్టికలు వల్లె వేయడం కన్నా, ఒక విశేషణం, ఒక నామవాచకం జతగా తీసుకుని ఆరు చిన్న వాక్యాలు రోజూ రాయడం మేలు.

సంఖ్యలను ప్రత్యేకంగా సాధన చేయాలి. రెండు, మూడు, నాలుగు తరువాత నామవాచకం షష్ఠి ఏకవచనంలోనూ, ఐదు నుంచి ఇరవై దాకా షష్ఠి బహువచనంలోనూ వస్తుంది. దుకాణంలో, బ్యాంకులో, దుబాసీ పనిలో దీన్ని ఆలోచించుకుంటూ చెప్పేంత సమయం ఉండదు.

అసలు కొండ క్రియ దగ్గర ఉంది. చాలా క్రియలకు పని సాగుతున్నట్టు చెప్పేది ఒకటి, ముగిసినట్టు చెప్పేది ఒకటిగా జంట రూపాలుంటాయి. ‘చదువుతూ ఉన్నాను’, ‘చదివేశాను’ అన్న తేడా మనకు సహజంగా తెలుసు కాబట్టి మొదట దాన్నే ఆసరా చేసుకోవచ్చు. కాని నిషేధంలోనూ ఆజ్ఞార్థంలోనూ ఆ పోలిక చెడుతుంది. అక్కడ క్రియలను జంటగా, వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. అలాగే కాలినడకన వెళ్లడానికీ వాహనంలో వెళ్లడానికీ, ఒకసారి ఒకవైపు వెళ్లడానికీ తరచూ వెళ్లి వస్తూ ఉండడానికీ రష్యన్‌లో వేర్వేరు క్రియలున్నాయి. మన ‘వెళ్లు’ అన్నింటికీ సరిపోతుంది. వీటికి రెండు నెలలు విడిగా కేటాయించండి.

5. రష్యా ప్రభుత్వ కోటా సీటుకు దరఖాస్తు చేయడం

రష్యా ప్రభుత్వం ఏటా విదేశీ విద్యార్థులకు కోటా కింద ఉచిత సీట్లు ఇస్తుంది. బీఏ స్థాయి నుంచి ‘అస్పిరాంతూరా’ అనే పరిశోధన స్థాయి దాకా ఇవి ఉంటాయి. బోధన రుసుము ఉండదు, స్వల్ప స్టైపెండ్ వస్తుంది, హాస్టల్‌లో చోటు ఇస్తారు. విమాన ఛార్జీలు, ఆరోగ్య బీమా, భోజనం, హాస్టల్ అద్దె మీవే. ఆ స్టైపెండ్‌తో నెల గడవదు. ఇది తెలియక వెళ్లినవారు మొదటి చలికాలంలోనే ఇబ్బంది పడతారు.

రష్యన్ రానివారికి చదువుకు ముందు ఒక ఏడాది సన్నాహక విభాగంలో భాష నేర్పిస్తారు. ఆ ఏడాది కూడా కోటాలో భాగమే.

క్రమం ఇలా ఉంటుంది:
1. సాధారణంగా సెప్టెంబరు నుంచి రష్యా ప్రభుత్వ విద్యా పోర్టల్ తెరుచుకుంటుంది. తేదీలను రష్యన్ హౌస్ ప్రకటనతో సరిచూసి ఖాతా తెరవాలి.
2. చదవదలచిన అంశాన్ని ఎంచుకోవాలి. భాషాసాహిత్యాలకు ‘ఫిలాలజీ’, ప్రాంత అధ్యయనానికి ‘విదేశీ ప్రాంత అధ్యయనం’ లేదా ‘అంతర్జాతీయ సంబంధాలు’ అని వెతకాలి.
3. విశ్వవిద్యాలయాలను ప్రాధాన్య క్రమంలో పెట్టాలి.
4. పత్రాలను స్కాన్ చేసి, రష్యన్ అనువాదాలతో సహా ఎక్కించాలి.
5. మన దేశంలో జరిగే మొదటి దశ ఎంపికకు, అంటే పత్రాల పరిశీలనకు, పరీక్షకు లేదా ఇంటర్వ్యూకు హాజరు కావాలి.
6. అందులో నెగ్గినవారి పత్రాలు విశ్వవిద్యాలయాలకు వెళ్తాయి. సీటు ఖరారయ్యాక ఆహ్వాన పత్రం వస్తుంది, దానితోనే వీసాకు వెళ్లాలి.

మూడో మెట్టు దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అందరూ మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లనే నింపుతారు. 1966లో స్థాపించిన మాస్కోలోని పుష్కిన్ రష్యన్ భాషా సంస్థ, పీటర్స్‌బర్గ్ రాష్ట్ర విశ్వవిద్యాలయం మంచివే, కాని పోటీ కూడా అక్కడే. కజాన్, తోమ్‌స్క్, యెకతెరిన్‌బుర్గ్, వొరోనెజ్ వంటి నగరాల విశ్వవిద్యాలయాలను కలిపి పెట్టుకోవాలి. భాష నేర్చుకోవడానికి ఇవి ఇంకా మేలు, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషుతో పని జరగదు.

ఇక ఆ కోర్సు ఎందుకు చదవదలచుకున్నారో చెబుతూ దరఖాస్తుతో పెట్టే ఉత్తరం సంగతి. ‘రష్యా గొప్ప సంస్కృతి గల దేశం కాబట్టి’ అని మొదలయ్యే ఉత్తరాలను అక్కడివారు వేలల్లో చూసి ఉంటారు. ఏ కోర్సు, ఎందుకు, తిరిగి వచ్చాక ఏ పని అన్న మూడు విషయాలు ఒక పేజీలో రాస్తే చాలు.

పీజీ, పరిశోధన స్థాయి వారు ‘ఓపెన్ డోర్స్’ అనే ఆన్‌లైన్ ఒలింపియాడ్‌ను కూడా చూడాలి. అందులో గెలిచినవారికి ప్రవేశ పరీక్ష లేకుండానే ఉచిత సీటు దక్కుతుంది.

పత్రాల జాబితా:
- పాస్‌పోర్టు (ప్రయాణ తేదీ నుంచి కనీసం ఏడాదిన్నర గడువు మిగిలి ఉండటం క్షేమం)
- మార్కుల పత్రాలు, పట్టా, వాటికి అపోస్టిల్ అనే, విదేశాల్లో చెల్లుబాటుకోసం చేయించే ధ్రువీకరణ (ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తరువాత విదేశాంగ శాఖ)
- అన్నింటికీ నోటరీ చేసిన రష్యన్ అనువాదం
- వైద్య ధ్రువపత్రం, హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం
- పరిశోధనకైతే పరిశోధన ప్రణాళిక, ప్రచురితమైన వ్యాసాలు

పదో తరగతి మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా పేరు ఉండటం తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు, పొట్టి అక్షరాలు దీనికి కారణం. రష్యన్ అనువాదకుడికి పాస్‌పోర్టు నకలు ఇచ్చి, అన్ని పత్రాల్లోనూ పేరును ఒకే రష్యన్ రూపంలో రాయించుకోండి. లేకపోతే చదువు ముగిశాక పట్టా మీద పేరు మార్పించుకోవడం పెద్ద పని.

6. బయలుదేరే ముందు, చేరిన తరువాత

2022 మార్చి నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. మొదటి రెండు మూడు నెలల ఖర్చును నగదుగా తీసుకెళ్లే ఏర్పాటు, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే చట్టబద్ధమైన మార్గం రెండూ మీ బ్యాంకులో అడిగి ఖాయం చేసుకున్నాకే టికెట్ కొనాలి.

విమానాశ్రయంలో ఇచ్చే మైగ్రేషన్ కార్డును పోగొట్టుకోవద్దు. చేరిన వెంటనే పాస్‌పోర్టు, ఆ కార్డు విశ్వవిద్యాలయ విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఇచ్చి నమోదు చేయించుకోవాలి. మూడు నెలలకు మించి ఉండేవారు వచ్చిన 30 రోజుల్లోగా వైద్య పరీక్ష, 90 రోజుల్లోగా వేలిముద్రల నమోదు కూడా పూర్తి చేయాలి. హాస్టల్ మారినా, సెలవులకు ఇంటికి వచ్చి వెళ్లినా నమోదు మళ్లీ చేయించాలి. దీన్ని మరిచినవారు వీసా పొడిగింపు దగ్గర చిక్కుకుంటారు.

ఒక హెచ్చరికను మెత్తగా చెప్పడం కుదరదు. సహాయకుల ఉద్యోగాలని, చదువు సీట్లని నమ్మించి భారతీయులను రష్యా సైన్యంలోకి చేర్చిన దళారుల మీద 2024లో సీబీఐ కేసు పెట్టింది. ఆ వలలో పడి ప్రాణం కోల్పోయినవారిలో హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. కోటా సీటుకు దళారీ అవసరం లేదు. మీకు చదవడం రాని రష్యన్ కాగితం మీద, ఎవరు ఎంత తొందరపెట్టినా, సంతకం చేయవద్దు.

7. రష్యాకు వెళ్లకుండానే ఈ రంగంలో చదవడం

యూరప్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయం నాయకత్వాన నడిచే ఎరాస్మస్ ముండస్ (యూరోపియన్ యూనియన్ ఉమ్మడి పీజీ పథకం) ఎంఏ మధ్య, తూర్పు యూరప్, రష్యా, యూరేషియా అధ్యయనాలకు సంబంధించినది. భారతీయులు కూడా దాని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని స్లావోనిక్, తూర్పు యూరప్ అధ్యయనాల పాఠశాల బాగా పేరున్నది, ఖర్చు కూడా అంతే.

పీహెచ్‌డీ పూర్తయినవారికి హెల్సింకీలోని అలెక్సాంతెరి సంస్థ, జపాన్‌లోని హొక్కైదో విశ్వవిద్యాలయ స్లావిక్-యూరేషియా పరిశోధన కేంద్రం సందర్శక ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండో దాని గురించి మనవాళ్లకు అంతగా తెలియదు, తెలుసుకోవలసిందే.

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు మరో దారి ఉంది. అమెరికా ప్రభుత్వ క్రిటికల్ లాంగ్వేజ్ స్కాలర్‌షిప్ కళాశాల విద్యార్థులకు వేసవిలో రష్యన్ నేర్పిస్తుంది. అయితే అది అమెరికా పౌరులకే, గ్రీన్‌కార్డు ఉన్నా చాలదు.

8. పరిశోధన, అధ్యాపక వృత్తి

అధ్యాపక పోస్టులకు సాధారణంగా ఎంఏ తరువాత యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో రష్యన్ సబ్జెక్టు రాసి ఉత్తీర్ణులు కావాలి. మొదటి పేపరు 100 మార్కులకు, రెండోది 200 మార్కులకు ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్ లభిస్తుంది. రష్యాలో పట్టా పొందినవారు తిరిగి రాగానే దాని సమానత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి, యూజీసీ దీనికి 2025లో కొత్త నిబంధనలు చేసింది.

పరిశోధనాంశం ఎంపికలో మన విద్యార్థులు ఒక మేలైన అవకాశాన్ని వదులుకుంటున్నారు. ప్రసిద్ధ రష్యన్ నవలాకారుల మీద రష్యాలోనే కొండంత పరిశోధన ఉంది. తెలుగు చదవగలిగిన రష్యన్ పండితులు మాత్రం వేళ్ల మీద లెక్కించేంతమంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు వేయించిన తెలుగు అనువాదాలు, సోవియట్ సహకారంతో కట్టిన విశాఖ ఉక్కు కర్మాగారపు దస్తావేజులు, తెలుగు-రష్యన్ క్రియల తులనాత్మక వ్యాకరణం వంటి అంశాలైతే రెండు భాషలూ తెలిసిన మీరే చేయగలరు.

రష్యన్ పరిశోధన వ్యాసాలకు ‘సైబర్‌లెనింకా’ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. వాడుక సరిచూసుకోవడానికి, నిజమైన రచనల్లోని వాక్యాలను వెతికి చూడగల రష్యన్ జాతీయ పద భాండాగారం ఉంది. రెండింటినీ ఎంఏ మొదటి ఏడాదే అలవాటు చేసుకోండి.

9. ఉద్యోగం వెతకడం

హైదరాబాదులో రష్యన్‌కు గిరాకీ ఉన్న ప్రధాన రంగం ఔషధ పరిశ్రమ. డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థలకు రష్యా పెద్ద మార్కెట్. రష్యా, కజకిస్తాన్, బెలారస్, అర్మేనియా, కిర్గిజిస్తాన్ కలిసిన యూరేషియా ఆర్థిక సమాఖ్యలో మందు అమ్మాలంటే నమోదు పత్రాలు, మందుతో ఇచ్చే సూచనల కాగితం రష్యన్‌లో కావాలి. బీఫార్మసీ చదివి బీ2 రష్యన్ ఉన్నవారు ఈ నమోదు పత్రాలు చూసే రెగ్యులేటరీ విభాగాలకు దరఖాస్తు చేయాలి, ‘అనువాదకుడు’ అన్న పేరుతో ఉన్న ఖాళీలకు మాత్రమే కాదు.

రక్షణ, అణు, లోహ పరిశ్రమల్లో కూడా రష్యన్ పత్రాలతో పని ఉంటుంది. బ్రహ్మోస్, కూడంకుళం ఇందుకు తెలిసిన ఉదాహరణలు. అక్కడ ఇంజినీరింగ్ పట్టా ముందు, భాష తరువాత. ఢిల్లీ, గురుగ్రామ్ ఆసుపత్రులకు మధ్య ఆసియా నుంచి వచ్చే రోగులకోసం రష్యన్ తెలిసిన సమన్వయకర్తలను తీసుకుంటారు. కొత్తవారికి త్వరగా దొరికే పని ఇదే, కాని వైద్య పదజాలం సిద్ధంగా ఉండాలి. సివిల్స్ రాసి ఐఎఫ్‌ఎస్‌కు ఎంపికైనవారికి కేటాయించే విదేశీ భాషల్లో రష్యన్ కూడా ఉంది.

దరఖాస్తుతోపాటు మూడు నమూనా అనువాదాలు జతచేయండి: ఒక ఒప్పందంలోని పేజీ, ఒక సాంకేతిక సూచన, ఒక వార్త. మూలం, అనువాదం పక్కపక్కన ఉండాలి. పంపే ముందు చూసుకోవలసినవి:
- అంకెలు: రష్యన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు, వేల మధ్య ఖాళీ వదులుతారు. 0,5 మిల్లీగ్రాములను 5గా చదివితే అది మందు మోతాదులో పదిరెట్ల తేడా.
- పేర్లు: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు క్రమం పత్రమంతా ఒకేలా ఉండాలి. తండ్రి పేరును ఇంటిపేరుగా పొరబడకూడదు.
- సంక్షిప్తాలు: సంస్థల పొట్టి పేర్లను మొదటిసారి విప్పి రాయాలి.
- యంత్రానువాదం: వాడితే ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చాలి. నిషేధార్థకాలు, క్రియల స్వభావం దగ్గర అది ఎక్కువగా జారుతుంది.

పరీక్షగా ఉచితంగా ఒక పేజీ అనువదించమని అడగడం సాధారణమే. ఇరవై పేజీలు అడిగితే అది పరీక్ష కాదు, పని. దానికి ధర అడగండి, గడువు రాతలో తీసుకోండి, డబ్బు ఎప్పుడు చెల్లిస్తారో కూడా అందులోనే రాయించండి.